పగడాల అంచు దగ్గర ఈల

దయ్యాలు లేవు. ఈ మాట మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ఏటా చెప్త. నేను బొల్లారంలో సైన్స్ టీచర్‌ని. బడి ఎనక పాడుబడ్డ బంగ్లాల తెల్లదొర తిరుగుతడని పిల్లలు భయపడుతుంటే, ఒకరోజు మధ్యాహ్నం అందరినీ తోలుకపోయి టిఫిన్ డబ్బాలు ఆ వరండాలనే తెరిపించిన. ఇది చదివి "టీచరమ్మ మారిపోయింది" అనుకునేటోళ్ళకు ముందే చెప్తున్న, మారలే. జరిగింది జరిగినట్టు రాస్తున్న, అంతే.

మా బాపు రైల్వేల గార్డు. నోట్ల వేలు పెట్టకుండనే ఈల వేస్తుండె, రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. సికింద్రాబాద్ స్టేషన్‌ల కూలీలంతా ఆ ఈలను గుర్తుపడుతుండ్రి. ఆడుకుంటున్న నన్ను ఇంట్లకు పిలవాలన్నా అదే ఈల. దాని ఎనకనే "చిట్టీ, ఇగ చాలు, రా బిడ్డా" అని కేక. నన్ను చిట్టి అని పిలిచేది ఆయనొక్కడే. మిగతా లోకానికి నేను విజయలక్ష్మిని.

బాపుకు నీళ్ళంటే పడదు. ఆయన తమ్ముడు, మా చిన్నాయన, మీసాలు రాని వయసుల క్వారీ గుంతల మునిగి పోయిండట. నాకు తెలిసింది అంతే. ఇంట్ల ఆ ముచ్చట తియ్యరాదు. కాలేజీ పిల్లలంతా వైజాగ్ టూర్ పోతే నన్ను పంపలే. పెళ్ళయి, కొడుకు పుట్టినంక సుత హుస్సేన్‌సాగర్‌ల బోటెక్కుతానంటే పెద్ద లొల్లి చేసిండు. కొట్లాడి కొట్లాడి నేనే ఊకున్న.

బాపు పోయి సంవత్సరీకం అయినంక, పోయి స్విమ్మింగ్ పూల్‌ల చేరిన. నలభై ఎనిమిదేళ్ళ మనిషిని, బుడ్డ పోరగాళ్ళ పక్కన అంచు పట్టుకొని కాళ్ళు కొట్టుడు షురూ చేసిన. మా మేనత్త ఫోన్ చేసి, "మీ నాయన ఆత్మ ఎంత పరేషాన్ అయితదో ఎరికేనా?" అన్నది.

"బాపు లేడత్తా. నేనున్న" అని పెట్టేసిన.

ఈత వచ్చినంక అండమాన్‌కు టికెట్లు తీసిన. మా ఆయన మురళి కాకినాడ మనిషి. సముద్రం పక్కన పుట్టినా బోటెక్కితే వాంతులే. అయినా నా కోసం వచ్చిండు.

మేం దిగింది ఒక చిన్న దీవిల, రిసార్ట్‌ల. పొద్దున తలుపు తీస్తే వాకిట్ల చుక్కల జింకలు. ఒడ్డు మీద శంఖాలను ఇల్లు చేసుకొని నడిచే పీతలు. మడ అడవుల కయాక్ తొక్కినం. వేర్ల మీద ఉడుము ఎండ కాచుకుంటున్నది, తెల్ల కడుపు గద్ద మా ముందరనే చేపను ఎత్తుకపోయింది. ముసళ్ళున్నయి జాగ్రత్త అని బోర్డు చూసి మురళి తెడ్డు ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నడు. నేను మాత్రం పదేళ్ళ పిల్ల లెక్క అయిన.

మా గైడ్ అప్పలరాజు. తాతల కాలంలనే శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. "తాబేళ్ళు చూడాలంటే పగడాల అంచు దాకా ఈదాలమ్మా. అంచు దాటితే అడుగు కనబడదు. భయమేస్తాదేటి?" అని అడిగిండు.

"ఎయ్యదు" అన్న.

మంచి ఎండ. సముద్రం చెరువు తీరుగ ఉంది. మురళి బోటుల కూర్చున్నడు. అప్పలరాజు గాలి ట్యూబు పట్టుకొని నా ముందు ఈదుతున్నడు. నేను అద్దాలు, ఊపిరి గొట్టం పెట్టుకొని ముఖం నీళ్ళల్ల ముంచి పోతున్న. కింద పగడాలు, వాటి సందుల రంగురంగుల చేపలు. అంచు వచ్చింది. అక్కడ నేల గోడ తీరు కిందికి దిగిపోయింది. దాని అవతల అంతా నీలమే.

అప్పుడు విన్న. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. ఎనకనే, "చిట్టీ, ఇగ చాలు, రా బిడ్డా."

చెవులు నీళ్ళల్ల మునిగి ఉన్నప్పుడు బయటి మాట లోపలికి సరిగ్గ రాదు. శబ్దం చాలా మటుకు నీళ్ళ పైపొరకు తగిలి మర్లిపోతది. బోర్డు మీద బొమ్మ గీసి నేను చెప్పే పాఠమే ఇది. కానీ నాకు ఆ మాట మా వాకిట్ల నిలబడి పిలిచినంత సాఫ్‌గ వినపడ్డది.

తల పైకెత్తిన. అప్పలరాజు కూడా ఈదుడు ఆపి చుట్టూ చూస్తున్నడు. "ఎవులో ఈలేసినారు కదమ్మా? ఇటేపు వేరే బోటు లేదే" అన్నడు. మాట వినపడ్డదా అని అడిగిన. లేదన్నడు, ఈల ఒక్కటే.

బోటులకెళ్ళి మురళి అరిచిండు. "ఏమైంది విజయా? వచ్చేయ్, చూసింది చాలు!" ఆయనకు ఈల కూడా వినపడలేదట.

ముందు భయమే అయింది, అబద్ధమెందుకు. దాని ఎనకనే కోపమొచ్చింది. ఇన్నేళ్ళు ఆపింది సాలదా? పోయినంక సుత పిలుస్తవా?

"రాను బాపూ" అని గట్టిగనే అన్న. ముఖం మళ్ళ నీళ్ళల్ల పెట్టి అంచు దాటిన.

అవతల నీళ్ళు చల్లగ ఉన్నయి. కింద చూపుకు ఏమీ ఆనలే. కొంచెం దూరం పోయిన్నో లేదో, కుడి పిక్క పట్టేసింది. కాలు ముడుచుకపోయింది, గొట్టంల నీళ్ళు పోయినయి, ఉప్పు మింగిన. అరుద్దామంటే నోట్ల గొట్టం. మునుగుతున్న అని నాకు తెలుస్తున్నది.

అప్పుడు నా కడుపు కింద ఒక చెయ్యి ఆనింది.

అరచెయ్యి. వెడల్పుగ, గరుకుగ. చిన్నపిల్లను నీళ్ళ మీద పండబెట్టి పట్టుకున్నట్టు, నన్ను పైకి లేపి పట్టింది. అప్పలరాజు నా ముందు ఉన్నడు, రెండు చేతులూ ట్యూబు మీదనే. నా కళ్ళతోని చూసిన. నా కింద ఎవరూ లేరు. అది కూడా చూసిన.

గొట్టంల నీళ్ళు బయటికి ఊదిన. ఊపిరి అందింది. పిక్క మెల్లగ వదిలింది. అంతలనే నీలంలకెళ్ళి ఒక పెద్ద తాబేలు పైకి వచ్చి, నా పక్కకెళ్ళి తాపీగ పోయింది. దానితోని కలిసి ఈదిన. ఎక్కడనో ఆ చెయ్యి తప్పుకున్నది. తీసినప్పుడు కూడా నాకు తెలిసింది. నేను మునగలే.

చెయ్యి సంగతి ఎవ్వరికీ చెప్పలే. మురళికి సుత చెప్పలే. మరునాడు అదే అంచుకు మళ్ళ పోయిన. ఈల లేదు, చెయ్యి లేదు. చేపలు, ఎండ, ఉప్పు నీళ్ళు, అంతే.

తిరిగొచ్చినంక బోయిన్‌పల్లిల అమ్మ దగ్గరికి పోయిన. ఆమె గోంగూర తెంపుతున్నది. పక్కన కూర్చొని ఈల ముచ్చట వరకే చెప్పిన, నవ్వుకుంట. అమ్మ నవ్వలే. తెంపుడు ఆపి నా ముఖం చూసింది.

"కడుపు కింద చెయ్యి పెట్టిండా?" అని అడిగింది.

తల ఊపిన.

బాపు మంచి ఈతగాడట. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. ఆ క్వారీల తమ్మునికి ఈత నేర్పింది ఆయనే. కడుపు కింద చెయ్యి పెట్టి, "నేనున్నగా, కాళ్ళు కొట్టురా" అనుకుంట. ఒకరోజు పిల్లగానికి ఈత వచ్చేసిందనుకొని చెయ్యి తీసిండట. మళ్ళ దొరకలే. పెళ్ళయిన కొత్తల అమ్మకు ఒక్కసారి చెప్పి ఏడ్చిండట. మళ్ళ ఎన్నడూ ఎత్తలేదు, నీళ్ళల్ల కాలు పెట్టలేదు.

సంగతి ఎట్ల పాకిందో గని, మేనత్త శాంతి హోమం చెయ్యాలని పట్టుబట్టింది. చెయ్యనన్న. ఎవరికి శాంతి? నన్ను మునగనియ్యని చేతికా?

నా బుర్రకు తోచిన కారణాలన్నీ వెతికిన. ఈల ఏదో పక్షిది కావచ్చు. మాట నా భయమే కావచ్చు. చెయ్యి, కింది నుంచి వచ్చిన నీటి తోపుడు కావచ్చు. మరి అమ్మ ఆ ప్రశ్న ఎట్ల అడిగింది? తెలియదు అనుడు సైన్స్ టీచర్‌కు నామోషీ కాదు. తెలియనిదానికి దయ్యమని పేరు పెట్టి ఊకునుడే నామోషీ.

మొన్న ఆదివారం అమ్మను మా పూల్‌కు తోలుకపోయిన. చీర మోకాళ్ళ దాకా ఎత్తుకొని అంచు మీద కూర్చున్నది. కాళ్ళు నీళ్ళల్ల పెట్టింది. పెళ్ళయినంక ఇదే మొదటిసారట.

"విజయా, ఇక్కడ లోతెంత? నేను జెర దిగొచ్చా?" అని అడిగింది.