ఎనిమిదని రాసిన పెట్టె

“...పెట్టె మీదే ఎనిమిదని రాసుంటే ఇంకేం కొలుస్తావక్కా?” షింగో గిటారు పట్టుకుని విసుక్కున్నాడు. ఇంకోసారి హోరెత్తితే హాలు మూయిస్తానని మేడమీది ముసలాయన హెచ్చరించాడు. అందుకే ఆంప్‌కీ స్పీకరుకీ మధ్య పెట్టి శబ్దం తగ్గించే ఈ పెట్టెను షింగో అరువు తెచ్చాడు. ఒసాకాలోని ఆ హాల్లో ముప్పై ఏళ్లుగా ఆంప్‌లు చూస్తున్న హిసానో రాతల్ని నమ్మదు. కళ్లద్దాలు నుదుటికెత్తి, కాలిన మచ్చలున్న వేళ్లతో మీటరు ఆనించింది. పదిహేనున్నర. “ఇది పదహారు ఓముల పెట్టె. నీ ఆంప్ ఎనిమిదికి మించి తట్టుకోదు. కలిపితే ఏ పాట మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ మాడుతుందో చెప్పలేను.”

“బయట జనం నిలబడ్డారక్కా!”

“వినిపిస్తోంది. నా చెవులింకా నీ పాటలకి పోలేదు.” పెట్టెను పక్కకి జరిపి, ఆంప్‌ను నేరుగా ఎనిమిది ఓముల స్పీకరుకి కలిపింది. ఆంప్ వెనక ఓముల మీట ఎనిమిది మీదే ఉందో లేదో రెండుసార్లు తడిమి చూసింది. “గట్టిగానే వాయించు. ముసలాయన దగ్గరికి నేను వెళ్తున్నా.”