బోక అంటే నోరొక్కటే కాదు

మా పోర్చుగీసు టీచర్ పోయారు. పొద్దున నేను డ్యూటీలో ఉండగా అశోక్‌నగర్ నుంచి వాళ్ల ఇంటి ఓనరమ్మ వార్డుకు ఫోన్ చేసింది. “పాల ప్యాకెట్ బయటనే ఉన్నది బిడ్డా. తలుపు కొట్టిన, పలకలే. మా తాన ఉన్న తాళంచెవితోని తీసి చూస్తే... నిద్రలనే పోయింది” అని ఏడ్చింది. నాకు ఏడుపు వెంటనే రాలేదు. పక్క బెడ్డు పేషెంటుకు సెలైన్ మార్చి, సిస్టర్‌కు చెప్పి బయల్దేరాను.

హైదరాబాదులో పోర్చుగీసుతో పనేంటని అందరూ అడిగేవారు. పోర్చుగీసు మాట్లాడే మొజాంబిక్‌లో యుద్ధం ఆగాక అక్కడి ఆసుపత్రులకు నర్సులు కావాలన్నారు. చిక్కడపల్లి నుంచి నేను, నారాయణగూడ హాస్టల్ నుంచి ఇంకో ఇద్దరు ఆమె దగ్గర చేరాం. మాది పాలమూరు. మా నాయన బిల్డింగుల దగ్గర కూలి చేసి చదివించాడు. ఇంగ్లీషే భయంభయంగా నేర్చుకున్నదాన్ని, ఇంకో భాష అంటే నావల్ల కాదనుకున్నాను.

“మేడం, నాకు ఇంగ్లీషే సరిగ రాదు. ఇదెట్ల వస్తది?” అన్నాను మొదటిరోజు.

ఆవిడ గోదావరి మనిషి. నవ్వి, “ఇంగ్లీషు మీదుగా ఎందుకమ్మా చుట్టు తిరిగి వెళ్లడం? తెలుగులోంచి రా” అన్నారు. ఇంగ్లీషువాళ్లకు చేతి వేలికొక మాట, కాలి వేలికొక మాట. పోర్చుగీసులో మనలాగే రెండూ వేళ్లే. పిక్కను వాళ్లు కాలి పొట్ట అంటారు. అంగిలిని నోటి ఆకాశం అంటారు. ఆ మాట విని మేం ముగ్గురం నోరు తెరిచి పైకి చూసుకోబోతే, ఆవిడ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు.

సామెతల్లాంటి మాటలకు అర్థాలు విడగొట్టి చెప్పేవారు. ఖరీదు మరీ ఎక్కువైతే ఇంగ్లీషువాళ్లు చెయ్యీ కాలూ ఇచ్చుకోవాలంటారట, పోర్చుగీసువాళ్లు ముఖంలోని కళ్లే ఇచ్చుకోవాలంటారట. మనకు కడుపుమంట అయితే వాళ్లకు మోచేతి నొప్పి. “ఎవరైనా తోటికోడలికి మోచేతి నొప్పి అంటే ఎక్స్‌రే రాయించకండర్రా, అది అసూయ” అనేవారు. “మాట తెలియకపోతే చెయ్యి పెట్టి చూపించండి. కానీ చూపించి ఊరుకోకండి, ఆ మాటేమిటో అడగండి.” ఇది మాత్రం క్లాసు అయిపోయినప్పుడల్లా చెప్పేవారు.

ఎందుకంతగా చెప్పేవారో ఒక వాన సాయంత్రం తెలిసింది. మిగతా ఇద్దరూ రాలేదు. ఆ రోజు పాఠం ‘బోక’. బోక అంటే నోరు. కడుపు నోరు అంటే ఛాతీ ఎముక కిందుండే గుంట. అది చెప్పి ఆవిడ పుస్తకం మూసేశారు.

“మా ఆయన రైల్వే పని మీద మొజాంబిక్ వెళ్తే నేనూ వెంట వెళ్లాను. వెళ్లి మూణ్ణెల్లు కాలేదు. ఓ సాయంత్రం చెమటలు పట్టి ముడుచుకుపోయారు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి నోట మాట లేదు. డాక్టరు నన్ను అడిగాడు, కడుపు నోట్లో నొప్పి అన్నారా అని. నాకు బోక ఒక్కటే అర్థమైంది. నోరు నొప్పా అంటున్నాడనుకున్నా. కాదు, కాదు అన్నాను.”

“ఆ మాట మీకు తెలిసుంటే సార్ బతుకుతుండెనా మేడం?”

“లేదనే చెప్పారు డాక్టర్లు. గుండెపోటు పెద్దదట. అయినా నేను కాదన్నాను కదమ్మా.”

ఆయన పోయాక ఆవిడ వెంటనే తిరిగి రాలేదు. అదే ఆస్పత్రిలో ఏళ్లపాటు పేషెంట్ల మాట డాక్టర్లకు, డాక్టర్ల మాట పేషెంట్లకు చెబుతూ ఉండిపోయారు.

నేను మొజాంబిక్ వెళ్లిన మొదటి నెలలోనే ఒకామె ఆ మాటే అంది. నా చెయ్యి సరిగ్గా ఆ గుంట మీదికే వెళ్లింది. డాక్టరును పరుగున పిలిచాను, గుండెపోటే. రెండేళ్లకు తిరిగొచ్చి అశోక్‌నగర్ వెళ్లి ఆ సంగతి చెప్పాను.

“బతికిందా?” అన్నారు.

“బతికింది మేడం.”

టీ పెడతానని వంటింట్లోకి వెళ్లారు. కొళాయి నీళ్లు పడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. నేను లేచి వెళ్లలేదు.

ఇవాళ విజయవాడ నుంచి ఆవిడ తమ్ముడుగారు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఓనరమ్మా నేనూ కలిసి స్నానం చేయించాం. “నీకు అలవాటే గద బిడ్డా” అందామె. అలవాటే. ఎందరికో చేశాను. ముఖం, మెడ, భుజాలు తుడుస్తుంటే ఆవిడ నేర్పిన మాటలన్నీ వరసగా నోట్లోకి వస్తున్నాయి. పైకి అనలేదు. పాదాల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఆషాఢంలో ఎప్పుడు పెట్టుకున్నారో, కాలి గోళ్లకు గోరింటాకు ఉంది. గోళ్లు పెరిగి ఎరుపు సగానికి జరిగింది. దాని కింద లేత తెలుపు, కొత్తగా వచ్చిన గోరు. గోరింటాకును వాళ్లేమంటారో నేను ఆవిడను ఎప్పుడూ అడగలేదు.