పరవాడలో జరిగింది కూడా చరిత్రే

మా సోషల్ టీచర్ పోయారు. బుధవారం పొద్దున్న గుండెపోటు వచ్చి, ఆసుపత్రికి చేరేలోపే పోయారని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఏడ్చాను. ఆవిడ పనిచేసిన స్కూలు వాళ్ళే సంతాప సభ పెడుతున్నారని సాయంత్రానికి తెలిసింది. అప్పుడు ఏడుపు పోయి ఒళ్ళు మండింది. ఆ మంట ఇంకా ఆరలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆవిడది బుచ్చయ్యపేట దగ్గర చెరకు రైతుల కుటుంబం. రోజూ తొలి బస్సుకే అనకాపల్లి వచ్చి, ప్రార్థన గంట కొట్టకముందే గేటు పక్క బోర్డు మీద ఆ తేదీన చరిత్రలో ఏం జరిగిందో రాసేవారు. మాచేత చదివించి ప్రశ్నలడిగేవారు. జవాబు చెప్పినవాళ్ళకి సంచిలోంచి బెల్లం ముక్క. చెప్పలేనివాళ్ళకీ బెల్లమే, కాకపోతే కాస్త చిన్న ముక్క.

మా నాన్న పరవాడలో ఒక మందుల కంపెనీలో పనిచేసేవారు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అక్కడ రియాక్టర్ పేలి, నాన్నతో పాటు మరికొందరు కాలిపోయారు. అది రాజ్యాంగ దినోత్సవం రోజు. మరుసటి ఏడాది అదే రోజున బోర్డు మీద మూడు వాక్యాలున్నాయి. మన రాజ్యాంగాన్ని ఆమోదించిన రోజు. ముంబయి మీద ఉగ్రవాదులు దాడి చేసిన రోజు. పరవాడలో మన పిల్లల తండ్రులు పనిచేస్తూ చనిపోయిన రోజు.

నేను బోర్డు ముందు నుంచి కదల్లేకపోయాను. టీచర్ నా భుజం మీద చెయ్యి వేశారు.

"చరిత్రంటే ఢిల్లీ, బొంబాయిల్లోనే జరుగుతాదేటమ్మా? పరవాడలో జరగదేటి?"

ఆ రోజు మా స్కూలు సభకి ముఖ్య అతిథి ఆ కంపెనీ పెద్దమనిషే. మేం కూర్చునే బెంచీలు ఆయన ఇచ్చినవే. స్కూలు నడిపే కరస్పాండెంట్ పరుగున వచ్చాడు.

"మేడమ్, ఆ మూడో లైను తుడిసీండి. గెస్టుగారు వచ్చేత్తన్నారు."

"అందులో అబద్ధమేటుందో సెప్పండి, తుడిసేత్తాను."

ఆయన డస్టర్ అందుకున్నాడు. తనే తుడిచేశాడు. అతిథి కారు గేటు దాటుతుండగా టీచర్ ఆ వాక్యం మళ్ళీ రాశారు, ఇంకా పెద్ద అక్షరాలతో.

వారం తిరక్కుండా ఆవిడని ఉద్యోగంలోంచి తీసేశారు. ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన మనిషి కోసం ఒక్కరూ నోరు విప్పలేదు. తోటి టీచర్లు లేరా, తల్లిదండ్రులు లేరా, ఊళ్ళో పెద్దలు లేరా? అందరూ ఉన్నారు. నేను టీచర్ వాళ్ళింటికి వెళ్ళి ఏడిస్తే, "నువ్వెందుకేడుత్తావు? తప్పు సేసింది నువ్వా?" అని కసిరి, అన్నం పెట్టి, పుస్తకం తెరిపించారు. పదో తరగతి పరీక్షల దాకా అలాగే చదివించారు. ఇవాళ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ ఇంటి చలవే.

ఆదివారం సభలో ఆవిడ ఫోటోకి దండ వేసింది ఆ కరస్పాండెంటే. "మేడమ్ గారు లేకపోవడం మా సంస్థకి తీరని లోటు" అన్నాడు.

నా పక్కన కూర్చున్న అమ్మ లేచింది.

"తీరని లోటైతే మరెందుకు తీసీసేరు బాబూ?"

వెనకనుంచి ఎవరో, "కూకోమ్మా, ఇప్పుడవన్నీ దేనికి?" అన్నారు.

"మరెప్పుడడగమంతారు? అప్పుడూ ఎవులూ అడగలేదు కదా" అంది అమ్మ.

టీచర్ ఫోటోకి దణ్ణం పెట్టుకుని అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం బయటికి వచ్చేశాం.

రోడ్డు మీద పరవాడ వెళ్ళే కంపెనీ బస్సు ట్రాఫిక్‌లో ఆగి ఉంది. షిఫ్టుకి వెళ్తున్న మనుషులు కిటికీ అద్దాలకి తలలానించి నిద్రపోతున్నారు. ఒకతను కళ్ళు తెరిచి మావైపు చూసి, మళ్ళీ మూసుకున్నాడు. బస్సు కదిలి మలుపు తిరిగేదాకా అమ్మ రోడ్డు దాటలేదు.