పెదనాన్న తువ్వాలు, నా ఉద్యోగం

ఆ రోజుల్లో, అంటే మరీ పాత రోజులేం కావు, ఆరేడేళ్ళ కిందట, నాకు తెలియని విషయం ఈ ప్రపంచంలో లేదనే నమ్మకంతో బతుకుతుండేదాన్ని. విజయవాడలో ఆరు నెలలు త్రీడీ కోర్సు చేసి, హైదరాబాదులో ఓ చిన్న కంపెనీకి ఇంటి నుంచే పనిచేసే ఉద్యోగం సంపాదించి, నూజివీడులో మా మేడ మీద గదిలో కంప్యూటరు పెట్టుకుని కూర్చున్నాను. సోఫాలూ కుర్చీలూ అమ్మేవాళ్ళకి, ఆ వస్తువు ఇంకా తయారు కాకముందే అచ్చం ఫొటోలా ఉండే బొమ్మ చేసివ్వడం మా పని. (ఎన్నిసార్లు విడమరిచి చెప్పినా అమ్మ మాత్రం చుట్టాలతో "మా అమ్మాయి కుర్చీల కంపెనీలో చేస్తోంది" అనే చెప్పేది.) మూడు నెలలు ప్రొబేషను. ఆఖరున ఒక పరీక్ష: చెక్క పడక కుర్చీ మీద ఒక బట్ట వేసి, నిజంగా వేసినట్టే కనిపించేలా బొమ్మ పంపాలి. నచ్చితే ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే ఇంట్లోవాళ్ళు అప్పటికే నిర్ణయించిపెట్టిన బ్యాంకు పరీక్షల కోచింగు. లెక్కలంటే నాకు చిన్నప్పట్నుంచీ భయం, కాబట్టి ఆ కుర్చీ మీదే నా ప్రాణాలన్నీ ఉన్నాయి.

కుర్చీ రెండు రోజుల్లో అయిపోయింది. బట్ట దగ్గర నా పొగరు దిగింది. కంప్యూటర్లో బట్టని కుర్చీకి పైన గాల్లో ఉంచి వదిలితే, అదే కిందికి పడి మడతలు పడుతుంది. పడాలి. మొదటిసారి వదిలితే కుర్చీలోంచి దూరి, నేలలోంచి దూరి, ఎటో వెళ్ళిపోయింది. అన్నీ సరిచేసి మళ్ళీ వదిలితే కుర్చీ మీద పడి చలిజ్వరం వచ్చినట్టు వణకడం మొదలుపెట్టింది. వణుకు తగ్గిస్తే బిగుసుకుపోయింది. టీ ఇవ్వడానికి వచ్చిన అమ్మ కాసేపు చూసి, "కుర్చీ మీద మామిడి తాండ్ర ఎండబెట్టావేంటే?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఎందుకంటే అది అచ్చం తాండ్రలాగే ఉంది. మా టీమ్ లీడ్ మేడమ్ కూడా ఇంచుమించు అదే మాట కాస్త మర్యాదగా చెప్పి, "నిజం బట్టలు ఎలా ఉంటాయో చూడమ్మా, ఫొటోలు తీసుకో. సోమవారం పొద్దున్నకి ఫైనల్ పంపాలి," అన్నారు.

మా ఇంట్లో బట్టలు లేని కుర్చీ ఏనాడూ లేదు, ఇదెంత పని అనుకున్నాను. కిందికి దిగి, "కుర్చీల మీద బట్టలు ఫొటో తీసి హైదరాబాదు పంపాలి," అని అమ్మకి చెప్పడమే పొరపాటైంది. నేను స్నానం చేసి వచ్చేసరికి కుర్చీలన్నీ ఖాళీ. ఒక్కదాని మీద మాత్రం అమ్మ పట్టుచీర, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి, అంచు బయటికి కనిపించేలా ఉంది. ఎవరో విప్పి పడేసినట్టు ఉండాలమ్మా అని మొత్తుకుంటే, "మనింట్లో బట్టలు ఎక్కడివక్కడ పడేస్తామని పై ఊళ్ళవాళ్ళకి చెప్పుకుంటావా?" అని నొచ్చుకుంది. అప్పుడు నాకు పెదనాన్న తువ్వాలు గుర్తొచ్చింది.

పెదనాన్నకి మార్కెట్లో మామిడికాయల కొట్టు. అక్కడ బేరం నోటితో జరగదు. పెదనాన్నా రైతూ చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పుకుని, ఆ చాటున వేళ్ళు నొక్కుతూ ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్ళకి మొహాలు తప్ప ఏమీ తెలియదు. బేరం తేలకపోతే పెదనాన్న తువ్వాలుని గుమ్మం పక్క మేకుకి తగిలిస్తాడు. కుదిరితే తన పడక కుర్చీలో వేస్తాడు. అది చూసి దూరంగా షెడ్డులో ఉన్న ముఠా మేస్త్రీ తన మనుషుల్ని లేపి సరుకు దింపిస్తాడు. (ఈ తగిలించడం, వెయ్యడం సంగతి నాకు అప్పటికి తెలియదు. పుట్టినప్పట్నుంచీ ఆ కొట్టు కాయలే తింటున్నాను, ఒక్కసారీ అడగలేదు.)

నేను వెళ్ళేసరికి చాట్రాయి నుంచి చిన్న రసాల మామిడి లోడుతో ట్రాక్టరు వచ్చి ఉంది. బేరం సగంలో ఆగింది. పెదనాన్నా, ఆ రైతూ రోడ్డవతల టీ కొట్టులో చెరో బల్ల మీద, ఒకరినొకరు చూసుకోకుండా టీ తాగుతున్నారు. తువ్వాలు మేకుకి ఉంది. ఇంతకన్నా మంచి సమయం ఉండదనుకున్నాను. తువ్వాలు తీసి కుర్చీ మీద వదిలాను, ఫొటో తీశాను. నచ్చలేదు, ఎత్తాను, మళ్ళీ వదిలాను. అలా పదకొండుసార్లు. నా వెనకాల, తువ్వాలు పడినప్పుడల్లా ముఠా లేచి గంపలు దింపుతోందనీ, ఎత్తినప్పుడల్లా ఆగి తలలు గోక్కుంటోందనీ నాకేం తెలుసు? "షావుకారుగారికి ఇవాళ ఒక నిర్ణయం మీద ఉండబుద్ధి కావట్లేదు," అని మేస్త్రీ అన్నాడట.

టీ తాగి ఇద్దరూ వచ్చేసరికి సగం సరుకు నేల మీద రాశి పోసి ఉంది. "మా కాయలు దిగిపోయినాయేంటండీ?" అన్నాడు రైతు. "తువ్వాలు పడిందండీ," అన్నాడు మేస్త్రీ. అందరూ కుర్చీ వైపు చూశారు. కుర్చీ పక్కన ఫోను పట్టుకుని నేనున్నాను. చిన్న రసాలు ఒకసారి దింపితే మళ్ళీ ఎక్కించడం ఉండదు, ఒత్తిడికి పాడైపోతాయి. ఆ సంగతి అందరికంటే ముందు రైతుకే తట్టింది. ఆయన మొహం వికసించింది. "తువ్వాలు ఇలా తెండి షావుకారుగారూ," అని ఎంతో మర్యాదగా చెయ్యి చాపాడు. తువ్వాలు చాటున ఆయన ఏ వేళ్ళు నొక్కాడో నాకు ఇప్పటికీ తెలియదు గానీ, పెదనాన్న మొహం చూస్తే మాత్రం గట్టిగానే నొక్కాడని తెలిసింది.

నాకు ఏడుపొచ్చేసింది. "నాకు తెలీదు పెదనాన్నా. సోమవారానికి ఈ బొమ్మ కుదరకపోతే ఉద్యోగం పోతుంది," అన్నాను. పెదనాన్న తువ్వాలు భుజాన వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. "ఏదీ, చూపించు," అని నా ఫోన్లో తాండ్ర బొమ్మని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. "తువ్వాలు తనంతట తనే ఆకాశంలోంచి ఊడిపడుతుందేంటమ్మాయ్? ఎవరో ఒకరు వెయ్యాలి గదా," అన్నాడు. లేచి, భుజం మీద తువ్వాలు తీసి, పక్కకి తిరిగి ఒంటిచేత్తో విసిరాడు. ఒక కొస కుర్చీ వీపు మీద నిలిచింది, రెండో కొస కుర్చీ చెయ్యి మీంచి నేల దాకా జారింది. మధ్యలో చెమటకి తడిసిన చోట బరువుగా అణిగింది. "వేసినోడు ఇప్పుడే లేచి వెళ్ళాడు, మళ్ళీ వస్తాడు అన్నట్టుండాలి," అన్నాడు. అటు చూసి, "మేస్త్రీ, ఇది కాదు, కూర్చో," అని కేకేశాడు. ముఠా అప్పటికే గంపలెత్తుకుంది.

ఇంటికెళ్ళి, కంప్యూటర్లో బట్టని పైనుంచి వదలడం మానేసి, ఒక మూల పట్టుకుని పక్కనుంచి విసిరాను. మధ్యలో కాస్త బరువు పెంచాను. అభిమానం కొద్దీ ఒక కొసన మామిడి సొన మరక కూడా పెట్టాను. సోమవారం మేడమ్ ఫోను చేసి, "ఎవరిదమ్మా ఈ తువ్వాలు? ఆయన్ని పిలవాలనిపిస్తోంది," అన్నారు. ఆ వెంటనే, "మరక మాత్రం తీసెయ్, ఉద్యోగం ఖాయం," అన్నారు. తీసేశాను. ఆ మరక తీస్తుంటే ఎందుకో చాలా బాధేసింది.

ఇప్పుడు నేను కూడా ఎవరికో మేడమ్‌నే. బట్టని విసరడానికి సాఫ్ట్‌వేరులో మీటలొచ్చాయి. అయినా కొత్త పిల్లలు బొమ్మ చూపించగానే "ఇది ఎవరూ వేసినట్టు లేదు" అంటాను, వాళ్ళు నన్ను చాదస్తపుదానిలా చూస్తారు. పెదనాన్న కొట్టులో కూడా బేరాలన్నీ ఫోన్లోకి వెళ్ళిపోయాయి. తువ్వాలుకి పనిలేదు, పొద్దస్తమానం మేకుకే ఉంటోంది. మొన్న వెళ్ళినప్పుడు పెదనాన్న లోపల ఫోను మాట్లాడుతుంటే, ఉండబట్టలేక దాన్ని తీసి, పక్కకి తిరిగి, కుర్చీలోకి విసిరాను. బాగా పడింది. షెడ్డులో ముసలి మేస్త్రీ మోకాళ్ళు పట్టుకుని సగం లేచాడు. నన్ను చూశాడు. నవ్వి, మళ్ళీ కూర్చున్నాడు.