కన్ను పెట్టని నెమలి

తమిళనాడులో ధర్మపురి దగ్గర మొరప్పూర్ స్టేషన్‌లో, ముక్కూ మొహం తెలియని కొందరం కలిసి ఒక బొంత అంచులు పట్టుకుని విప్పాం. దాని మీద గోడంత నెమలి పురి విప్పింది.

చీర ముక్కలతో దాన్ని కుట్టినావిడ చెన్నైలో జరిగే పెద్ద బొంతల ప్రదర్శనకు తీసుకెళ్తోంది. ఒంటిగది ఇంట్లో ఒళ్లో పెట్టుకుని కుట్టడంతో ఆమె కూడా దాన్ని పూర్తిగా చూడటం అదే మొదటిసారి.

"అయ్యో, ఇదంతా నేనేనా కుట్టినాను?" అంది.

"కన్నేదమ్మా?" అన్నాను.

"అంతా చూసినాక పెడదామని ఉంచినాను సార్. ఎటు చూడాలో తెలియాల గదా! సాయంత్రంలోగా ఇయ్యకుంటే ప్రదర్శనకి తీసుకోరంట."

"నీ తట్టే చూడనీ అక్కా!" పక్కామె నవ్వింది.

రైలొచ్చింది, నేనెక్కేది కాదు. అది కదిలేసరికి ఆమె కిటికీ దగ్గర కూర్చుని సూదిలో నల్లదారం ఎక్కిస్తోంది.

ఆ నెమలి ఎటు చూస్తోందో నాకిప్పటికీ తెలియదు.