మూర్తిగారి కడ్డీ నేనే అరగదీశాను

ఏడేళ్లుగా నా టూల్‌బాక్స్ అడుగున ఒక ఉక్కు కడ్డీ ఉంది. పెన్సిలంత ఉంటుంది. దాని బరువు ఇక మోయలేక మీకు చెబుతున్నాను. జాలిపడమని మాత్రం కాదు.

మూర్తిగారు ఫ్రిస్కోలో ఉంటారు. మా నాన్న వయసు. రిటైరయ్యాక ఆయనకు పాతకాలపు రైఫిళ్ల పిచ్చి పట్టింది. తూటాల్లో నల్ల తుపాకీమందు తనే నింపుకునేవారు, పనిముట్లన్నీ తనే చేసుకునేవారు. మందు పోసే పొడవాటి గొట్టం ఒకప్పటి కర్టెన్ రాడ్. మందు మీద పెట్టే అట్టబిళ్లలు పాల కార్టన్‌లోంచి కొట్టేవారు. ఇక మందును అదిమే కడ్డీ అంటే ఆయనకు ప్రాణం. ప్రతి శనివారం నేనుండే ఇర్వింగ్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ ఆ గరాజ్‌కి వెళ్లి పని నేర్చుకునేవాణ్ణి.

మా ఆఫీసులో లేఆఫ్‌లు మొదలైన ఏడాది, ఒక శనివారం ఆయన నింపిన తూటాను ఊపి చూశాను. లోపల మందు గలగలలాడింది. గుండుకీ మందుకీ మధ్య ఖాళీ ఉంటే తుపాకీ గొట్టమే పగలవచ్చని నాకు నేర్పింది ఆయనే. సగం మందు పోసి మరిచిపోయారు. ఆ తూటాను జేబులో వేసుకున్నాను. మరుసటి వారం ఇంకోటి దొరికింది.

చెప్పొచ్చు కదా? ఎందుకు చెప్పలేదు? ఆయన ముందు మతిమరుపు అనే మాట అనడానికి నోరు రాలేదు. ఆయన కాఫీ తేవడానికి లోపలికి వెళ్లినప్పుడు ఆకురాయి అందుకుని కడ్డీ కొసను వెంట్రుకవాసి ఏటవాలుగా అరగదీశాను. దానివల్ల ప్రమాదం లేదు. గుండు కాస్త వంకరగా కూర్చుంటుంది, గురి చెదురుతుంది. గురి తప్పుతుంటే ఆయనే మానేస్తారనుకున్నాను. ఆ నెలంతా ఆయన తూటాలు ఒక్కొక్కటీ ఊపి చూశాకే షూటింగ్ రేంజ్‌కి వెళ్లనిచ్చాను.

ఒకరోజు నా గురి ఆయన గురి కంటే బాగా పడింది. సంతోషించాను. ఇదీ చెప్పాలి. ఆయన ప్రాణం కోసమే చేశానని ఎంత గట్టిగా అనుకున్నా, ఆ సంతోషం ఎవరి ప్రాణం కోసమో నాకు ఇప్పటికీ తెలియదు.

నాలుగో శనివారం పనిముట్ల పెట్టె తెచ్చి నా కార్‌లో పెట్టారు.

"చేతులు పోయాయోయ్. టూల్ చెక్ చేద్దామనుకున్నా. కానీ నేను చేసిన టూల్ తప్పు పోదు. చేతులే."

"వయసు కదండీ," అన్నాను.

ఆ మాట అన్నది నేనే.

ఆయన ఇవాళ్టికీ పది వేళ్లతో, రెండు కళ్లతో ఉన్నారు. ఎవరినీ క్షమించమని అడగను. మళ్లీ అలాంటి తూటా నా చేతికి వస్తే మళ్లీ ఆకురాయి పడతాను. ఏం చేసుకుంటారో చేసుకోండి.

కానీ అప్పట్నుంచి ఆయన ఇంట్లో మేకు కూడా కొట్టరు. మొన్న ఆదివారం గరాజ్‌లో బల్బు మార్చమని నన్ను పిలిచారు. "నా చేతుల్ని నమ్మలేనోయ్," అన్నారు. నేను నిచ్చెనెక్కాను. కింద ఆయన పట్టుకున్నారు. పైనుంచి ఆ చేతులు చూశాను. ఇసుమంత వణుకు లేదు. బల్బు వెలిగింది, దిగాను, కాఫీ తాగి వచ్చేశాను.

ఆయనతో అనలేని మాట మీతో అంటున్నాను. మీ చేతులు ఏ తప్పూ చేయలేదు, మూర్తిగారూ. ఆకురాయి పట్టిన చెయ్యి నాది.