సిద్దిరాములుకు పొగ పడదు

సిద్దిరాములు ఎవరింటికి పోయినా ముందు మనుషుల్ని పలకరించేవాడు కాదు, కిటికీలు తెరిచేవాడు. తర్వాత ముక్కు పైకెత్తి నాలుగు మూలలా వాసన చూసి, పొగ ఎక్కడుందో పట్టుకుని, దాన్ని ఆర్పించి, అప్పుడు "అందరు మంచిగున్నరా?" అని అడిగేవాడు. అప్పటికి ఆ ఇంటివాళ్ళకు జవాబు చెప్పే ఓపిక ఉండేది కాదు.

ఇదేమి చోద్యమయ్యా అంటే గుండె మీద చెయ్యి వేసుకునేవాడు.

"నాకు దమ్ము. పొగ పడది."

ఎన్నికల్లో గెలిచినవాడు చెప్పుకున్నట్టు చెప్పేవాడు ఆ మాట.

సిరిసిల్లలో ఉబ్బసం వింతేమీ కాదు. ఏళ్ళ తరబడి సాంచాల మీద బట్ట నేస్తూ నూలు దుమ్ము పీల్చినవాళ్ళలో ఛాతీ పట్టేసినవాళ్ళు, తెల్లవారుజామున దగ్గుతో లేచి కూర్చునేవాళ్ళు వాడవాడకూ ఉన్నారు. పాపం, వాళ్ళు గోడకు ఆనుకుని ఊపిరి అందేదాకా ఊరుకుంటారు. సిద్దిరాములు ఆయాసం మాత్రం మైకు పెట్టుకుని వచ్చేది.

ఆయన భార్య జమునకు ఈ రోగం సంగతి ఎన్నడూ అంతుపట్టలేదు. కొడుకు ప్రణయ్ పెళ్ళి చేసుకుని తిరిగి దుబాయి పోయిన నెలలోనే అది పట్టుకుంది. అదీ ఎలాగ? పొద్దున బీడీల కట్ట మోరీ నీళ్ళలో పారేశాడు, మధ్యాహ్నానికి దమ్ము వచ్చింది.

"ఇన్నేండ్లు బీడీలు తాగితె రాని దమ్ము, బంజేసినంక వచ్చుడేందయ్యా?"

"గదే జమునా, తంబాకు పగబట్టింది."

ఒకసారి కోడలు నవ్యశ్రీని వెంటబెట్టుకుని ముగ్గురూ కరీంనగర్ బస్సెక్కారు. పుష్యమాసం చలి. నడుమ ఊళ్ళో ఒక కొత్త పెళ్ళికొడుకు సీసాడు అత్తరు ఒంటి మీద కుమ్మరించుకుని ఎక్కాడు. సిద్దిరాములు లేచి బస్సు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా అద్దాలన్నీ జరిపేశాడు.

"పెద్దాయనా, చలికి సస్తున్నరు జనం!" అన్నాడు కండక్టరు.

"నేను దమ్ముకు సస్తున్న. పెండ్లికొడుకా, నీకు దండం పెడ్త, జర ఎనుక సీట్ల కూసో బిడ్డా."

పెళ్ళికొడుకు లేచి వెనక్కి నడిచాడు, వెంట పెళ్ళామూ పోయింది. "నేను ముందుగాల్నే చెప్పిన, ఇన్నవా?" అని మొగుణ్ణి సాధించడం చివరి సీటు దాకా వినిపించింది. జమున కొంగు మొహం మీదికి లాక్కుంది. కిటికీ పక్కన కూర్చున్న నవ్యశ్రీ తల బయటకు తిప్పుకుంది. పిల్ల సిగ్గుతో చచ్చిపోతోందనుకుంది జమున.

అదే మనిషి, కోడల్ని ఇంట్లో ఉంచి పెళ్ళాంతో పోయినప్పుడు మాత్రం, వేములవాడ దగ్గరి నాంపల్లి గుట్ట మెట్లు గబగబా ఎక్కేసి, పైన నిలబడి, కింద సగంలో రొప్పుతున్న పెళ్ళాన్ని గొంతెత్తి పిలిచేవాడు.

"ఏమయ్యో, ఇప్పుడెటువోయింది నీ దమ్ము?"

"గుట్ట మీద పొగలేదు గదనే!"

చొక్కా జేబులో ఇన్‌హేలరు మాత్రం ఎప్పుడూ ఉండేది. వాడమీది వాళ్ళు దాన్ని పంపు అనేవారు. ఇంట్లో బనీను మీద ఉన్నప్పుడు దాన్ని మొలలో దోపుకునేవాడు. ఆయన దాన్ని నోట్లో పెట్టుకోగా చూసినవాళ్ళు లేరు. అడిగితే, "అక్కర పడ్డప్పుడు కొడ్త, మీకెందుకు ఫికరు?" అనేవాడు.

ఆయనను ఒక్క మాట అనగలిగే మనిషి వేములవాడలో ఉండే అక్క ఐలవ్వ. ఆమె ఒకప్పుడు బంధువుల పిల్లవాడికి సంబంధం చూడబోయింది. రాత్రి వాళ్ళింట్లోనే పడుకుంది. పిల్ల పొద్దున లేచి దగ్గింది. ఐలవ్వ వాళ్ళిచ్చిన చాయ ముట్టకుండా లేచి వచ్చేసింది. "దమ్మున్న పిల్ల సంసారమేం జేస్తది? రేపు పిల్లలకు అంటుకుంటది" అని నలుగురిలో చెప్పింది. ఉబ్బసం అంటుకునే రోగం కాదని ఆమెకు చెప్పే ధైర్యం ఎవరికుంది? ఆ పిల్లకు ఆ చుట్టుపక్కల మళ్ళీ సంబంధం రాలేదు. తమ్ముడి దమ్ము గురించి మాత్రం ఐలవ్వ, "మొగోడు, ఏం కాదు" అనేది.

నవ్యశ్రీకి తల్లి లేదు. అందుకని కాన్పు అత్తగారింట్లోనే జరిపారు. ఆడపిల్ల పుట్టింది. పురుటి స్నానానికి ఐలవ్వ దిగి, వచ్చీరాగానే రాజ్యం చేతిలోకి తీసుకుంది. బాలింతకు గాలి సోకొద్దని తలుపు దగ్గరికి వేయించింది, కిటికీ సందుల్లో బట్టలు కుక్కించింది. తలస్నానమైన కోడల్ని నులక మంచం మీద పడుకోబెట్టి, తడి జుట్టు కిందికి వేలాడేసి, దాని కింద నిప్పుల కుంపటి పెట్టి, గుప్పెడు ఊదు చల్లింది. సాంబ్రాణి పొగ గదంతా తెల్లగా కమ్మేసింది.

కాసేపటికి నవ్యశ్రీ లేచి కూర్చుంది. రెండు చేతులూ మంచం పట్టె మీద మోపి ముందుకు వంగింది. భుజాలు పైకి లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఛాతీలోంచి సన్నగా పిల్లికూతలు.

"ఏమైందే?" అంది జమున.

"ఏం... లేదు... అత్తమ్మా."

మూడు మాటలకు మూడుసార్లు ఊపిరి పీల్చింది.

"సర్ది పట్టింది. ఇంకింత ఊదెయ్యి," అంది ఐలవ్వ. వేసింది కూడా. కోడలి పెదవుల రంగు మారుతుంటే జమున ఆమె వీపు నిమరసాగింది.

అప్పుడు తలుపు ధడాలున తెరుచుకుంది. బాలింత గదిలోకి మగవాడు రాకూడదు. సిద్దిరాములు వచ్చాడు. గుమ్మంలోనే దగ్గు మొదలుపెట్టాడు. దగ్గుతూ తూలాడు, తూలుతూ పోయి నీళ్ళ బిందెకు తగిలాడు. బిందె సరిగ్గా కుంపటి మీదే బోర్లాపడింది. నిప్పులు సుయ్‌మన్నాయి. పడబోతూ పట్టు కోసమన్నట్టు కిటికీ రెక్కలు పట్టుకుని రెండూ లాగేశాడు.

"ఓ తమ్మీ! ఏమైందిరా?"

"దమ్మక్కా! పాణం వోతుంది! జమునా, బాలింతను పక్క రూంలకు తోల్కపో, నా దగ్గు ఆమె మీద పడుతది!"

ఆ తొక్కిసలాటలో జమున చేతిలో ఏదో కుక్కాడు. చూస్తే పంపు.

పక్క గదిలో నవ్యశ్రీ దాన్ని లాక్కుని, ఊపి, ఊపిరంతా వదిలి, నోట్లో పెట్టుకుని నొక్కి పీల్చింది. కాసేపు బిగబట్టి వదిలింది. మళ్ళీ పీల్చింది. ఎన్నో ఏళ్ళ అలవాటు ఉన్న చేయి అది. మెల్లగా పిల్లికూతలు తగ్గాయి, ముఖంలోకి రంగు వచ్చింది.

"ఇది మీ మామ పంపు గాదే?"

"నాదే అత్తమ్మా. దమ్ము చిన్నప్పటిసంది ఉన్నది. మీ కొడుకుకు తెలుసు. లగ్గమైన కొత్తల తెల్లారగట్ల మెట్ల మీద వంగి కూసుంటే మామ చూసిండు. దవాఖాన్ల చూపిచ్చిండు. వేములవాడ పెద్దత్తమ్మకు తెలుస్తదని నేను ఏడ్సిన. 'ఏడ్వకు బిడ్డా, రోగం నేను వెట్టుకుంట, మందు నువ్వు వెట్టుకో' అన్నడు."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నదెవరో, గుట్ట ఎక్కినప్పుడు ఇంట్లో ఉండిపోయిందెవరో జమునకు అప్పుడు లెక్క కుదిరింది.

ముందు గదిలోకి పోయి చూసింది. సిద్దిరాములు పని ఎప్పుడో అయిపోయింది కానీ ఐలవ్వ వదలడంలేదు. ఛాతీకి కర్పూరం నూనె రాసింది, ఓమ కషాయం గ్లాసుడు తాగించింది, రెండో గ్లాసు కలుపుతోంది. ఆయన కళ్ళల్లో నీళ్ళు నిజంగానే తిరుగుతున్నాయి.

"వదినె," అంది జమున, "ఈ ఇంట్ల ఇగ కుంపటి, పొగ బంద్. ఈయనకు అసలే పడదని కరీంనగర్ డాక్టరు చెప్పిండు. ఇయ్యాల నేనే తోల్కపోత. బాలింతను ఒక్కదాన్ని ఇడిశిపెట్టలేం, ఆమెను గూడ ఆటోల కూసోబెట్టుకుంటం."

సిద్దిరాములు నోరు తెరిచి పెళ్ళాం వైపు చూశాడు. దగ్గడం మర్చిపోయాడు. జమున ఆయన నడుం మీద గట్టిగా గిల్లింది. వెంటనే అందుకున్నాడు.

మొన్నీమధ్య ఆయన పోయాడు. నిద్రలో, ఆయాసం లేకుండా. డాక్టరు గుండె అన్నాడు. పదోనాడు ఫోటోకు దండ వేశారు. సాంచాల కార్ఖానాలో ఆయనతో పనిచేసిన కైలాసం అగరొత్తుల కట్ట విప్పి అగ్గిపుల్ల గీశాడు. ఐలవ్వ చేతిమీద కొట్టింది.

"మా తమ్మునికి దమ్మని తెల్వదా నీకు?"

"పోయినోనికి దమ్మేందవ్వా?"

"నీకెందుకు? కట్ట జేబుల వెట్టుకో."

తర్వాత ఆమె లేచి, ఫోటో పక్కనున్న కిటికీ తెరిచి, చంటిదాన్నెత్తుకుని నిలబడ్డ నవ్యశ్రీకి కుర్చీ అక్కడికి జరిపింది.

"గిట్ల గాలికి కూసో బిడ్డా. పంపు దగ్గరున్నదా?"

నవ్యశ్రీ అత్త వైపు చూసింది. జమున గబగబా ఫోటో మీది దండ సర్దసాగింది. లోపలున్నాయన నవ్వు ఆపుకుంటున్నట్టే ఉన్నాడు.